సీలేరు నీరు – చింతూరు దీపము

మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియుచోట సీలేరు నది శబరిలో కలియుచున్నది. అచ్చటనుండి శబరి చింతూరు ప్రక్కగా ప్రవహించి, కూనవరమువద్ద గోదావరిని చేరుచున్నది. ఈ సీలేరు నీరు శబరిలో కలియుటకు పూర్వమే ఒక గొప్ప కార్యమును నెరవేర్చి వచ్చును. మోతుగూడెము సమీపమున, పొల్లూరువద్ద, దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము కలదు. 1976 మొదలు 1978 వరకు అందు నాలుగు యంత్రములు వరుసగా నెలకొల్పబడినవి. ఒక్కొక్కదాని సామర్థ్యము 115 మెగావాట్లు. నాలుగింటికి కలిపి 460 మెగావాట్లు. పది వాట్ల దీపములు నాలుగుకోట్ల అరువదిలక్షలు ఏకకాలమున వెలుగుటకు ఆ శక్తి చాలును.

అయినను, గాలివాన వీచిన రాత్రి ఆ కొండలలోని గూడెములందే దీపము లారిపోవుట కలదు. "దీపము క్రిందనే చీకటి" యను సామెత యిచ్చట అక్షరాల నిజమైనట్లు తోచును. ఇంటి ముంగిటనే విద్యుత్తు పుట్టుచుండగా ఇంటిలో చీకటి యేల? ఈ ప్రశ్న చిన్నపిల్లవాడైనను అడుగదగినదే. కాని దీనికి సమాధానము తెలియవలెనన్నచో విద్యుద్వ్యవస్థ యంతయు ఎట్లు నడచుచున్నదో, దానిని ముందుచూపుతో ఎట్లు పెంపొందింతురో తెలిసికొనవలెను.

ముందుగా నదిని చూతము. మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నదియే దిగువకు పోవుకొలది సీలేరను పేర ప్రసిద్ధమైనది. ఈ నది కొండమీదినుండి మైదానమునకు ఒక్కసారిగా దూకక, మెట్లు దిగినట్లు దిగివచ్చును. విద్యుచ్ఛాస్త్రజ్ఞులు ఆ మెట్ల నన్నిటిని వినియోగించుకొనిరి. మొదటి మెట్టు డుడుమ జలపాతమువద్ద నున్న మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తయిన ఈ కేంద్రము 1955లో పనిచేయుట కారంభించినది. దాని దిగువన బలిమెల జలాశయము కలదు. అందలి నీటిని రెండు రాష్ట్రములును చెరిసగము పంచుకొనుచున్నవి. ఆంధ్రదేశమునకు వచ్చు భాగము సీలేరు వెంట దిగి, ఎగువ సీలేరు కేంద్రములోని నాలుగు యంత్రములను త్రిప్పును. వాని సామర్థ్యము ఒక్కొక్కటికి 60 మెగావాట్లు. ఆ నీరే డొంకరాయి జలాశయమును చేరి, అచ్చటి 25 మెగావాట్ల యంత్రమును త్రిప్పి, కాలువ వెంట సాగి, తుదకు పొల్లూరు కొండమీదినుండి లావైన ఉక్కుగొట్టములలో దిగి దిగువ సీలేరు యంత్రములను త్రిప్పును. ఒకే నీటిబొట్టు ఇన్ని చోట్ల కూలిపని చేసి, ఏమాత్రము తరుగక, శబరిలో కలియుచున్నది.

నీటికి ఈ బలము ఎత్తువలన కలిగినది. వేయిలీటర్ల నీరు నూరు మీటర్ల ఎత్తునుండి దిగినచో, యంత్రములలో వ్యర్థమగు భాగమును తీసివేయగా, సుమారు పావు యూనిట్టు విద్యుత్తు లభించును. అనగా ఒక యూనిట్టు కావలెనన్నచో నాలుగువేల లీటర్ల నీరు అంతయెత్తునుండి దిగిరావలెను. ఆ యొక్క యూనిట్టుతో పది వాట్ల దీపము నూరు గంటలు వెలుగును. మనము మీట నొక్కి దీపమార్పక మరచిపోయినప్పుడు కొండమీది జలాశయములో ఎంత నీరు వృథాగా దిగిపోవునో ఈ లెక్కవలన ఊహింపవచ్చును.

ఇచ్చట మెగావాటు, యూనిట్టు అను రెండు మాటలకును గల భేదమును చక్కగా గ్రహింపవలెను. మెగావాటు పని జరుగు వేగమును తెలుపును. యూనిట్టు జరిగిన పని మొత్తమును తెలుపును. ఒక ఇంటిలో పది పొయ్యిలున్నవనుకొనుడు. గాదెలో నున్న బియ్యము కొలదిగానే వంట సాగును గాని పొయ్యిలు పెరిగినంతమాత్రమున బియ్యము పెరుగదు. అయితే పెండ్లినాడు వచ్చిన బంధువుల కందరకును ఒకేవేళ వడ్డింపవలసినప్పుడు పొయ్యిలెక్కువగా నుండుట మేలు. జలాశయములోని నీరు గాదెలోని బియ్యము వంటిది. యంత్రముల సామర్థ్యము పొయ్యిల వంటిది. దిగువ సీలేరులోని నాలుగు యంత్రములను సంవత్సరము పొడుగునను పూర్తివేగముతో నడపుటకు చాలినంత నీరు జలాశయములలో లేదు. కావున ఏ యంత్రమును ఏ గంటలో నడపవలె, ఎప్పుడు నిలుపవలె నను విషయమే అసలు విద్య.

ఆ విద్య యింత కష్టమగుటకు విద్యుత్తు స్వభావమే కారణము. వడ్లు పండిన పిమ్మట గాదెలో పోసి యేడాది తినవచ్చును. నీటిని చెరువులో నిలుపవచ్చును. కాని విద్యుత్తును తీగలలో నిలువచేయుట సాధ్యము కాదు. అది పుట్టిన క్షణముననే ఎచ్చటనో ఖర్చుకావలెను. ఎచ్చటనో ఒక ఇంటిలో పంకా తిరుగుట ప్రారంభించినచో, ఆ క్షణముననే మరియొకచోట ఏదో ఒక యంత్రము ఆ మేరకు ఎక్కువ శ్రమింపవలెను. కోట్లకొలది జనులు తమకు తోచినవేళ మీటలు నొక్కుచుందురు. ఎవరును ముందుగా చెప్పి నొక్కరు. అయినను ఉత్పత్తియు వినియోగమును ప్రతిక్షణమును సమానముగా నుండవలెను.

ఈ సమత్వము తప్పినదో లేదో తెలుపు గుర్తు ఒకటి కలదు. దానికి పౌనఃపున్యమని పేరు. మనదేశమున విద్యుత్ప్రవాహము సెకనుకు 50 మారులు దిక్కు మార్చుకొని తిరిగివచ్చును. దీనినే 50 హెర్ట్జులందురు. తిరగలిలో పిండి విసరువారి నెప్పుడైన గమనించితిరా? గుప్పెడు గింజలు పోసినప్పుడు తిరగలి సుఖముగా తిరుగును. ఒక్కసారిగా ఎక్కువ గింజలు పోసినచో రాయి బరువెక్కి వేగము తగ్గును. అప్పుడు విసరువారు చేతిబలము పెంపవలెను. గింజలు తక్కువైనచో రాయి వడిగా తిరుగును. అప్పుడు బలము తగ్గింపవలెను. విద్యుద్యంత్రములును ఇట్లే వర్తించును. వినియోగము పెరిగినచో వాని వేగము తగ్గి పౌనఃపున్యము 50కి దిగువకు జారును. వినియోగము తగ్గినచో పైకి పోవును. మనదేశపు నియమముల ననుసరించి అది 49.90కిని 50.05కిని నడుమ నుండవలెను. ఎంత ఇరుకైన దారియో చూడుడు!

యంత్రపు వేగము జారినట్లు తెలిసినవెంటనే, మనుష్యుడు చేయివేయుటకు ముందే, గవర్నరు అను సాధనము టర్బైను ద్వారములను మరికొంత తెరచి నీటిని ఎక్కువగా విడుచును. బొగ్గుతో నడచు కేంద్రములలో ఆవిరిని ఎక్కువగా విడుచును. ఇది మొదటి రక్షణ. అది చాలనప్పుడు నియంత్రణ కేంద్రములలోని ఇంజనీర్లు వేరు యంత్రములను నడపింతురు. అదియు చాలక పౌనఃపున్యము మరింత పడిపోయినచో కొన్ని ప్రాంతములకు పోవు తీగలను స్వయంచాలక సాధనములు విడదీయును. కొందరికి కొంతసేపు కరెంటు పోయినను వ్యవస్థ యంతయు కూలకుండుటకై చేయు ఏర్పాటిది.

ఉత్పత్తి కేంద్రములన్నియు ఒకేజాతివి కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణమును, ఒక్కొక్క లోపమును గలవు. బొగ్గుకేంద్రము చల్లబడిన స్థితినుండి మరల వేడెక్కి పూర్తిగా పనిచేయుటకు అనేక గంటలు పట్టును. కాని ఒకసారి నడచినచో రాత్రింబవళ్లు ఎడతెగక శక్తినిచ్చును. విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నమునందలి డాక్టరు నార్ల తాతారావు థర్మల్ కేంద్రమును, విశాఖ సమీపమునందలి సింహాద్రి కేంద్రమును ఇట్టివి. సౌరకేంద్రమునకు ఇంధనపు ఖర్చు లేదు. 2017లో పూర్తియైన 1000 మెగావాట్ల కర్నూలు సౌరపార్కు ఎండకాచినంతసేపు ధారాళముగా శక్తినిచ్చును. కాని సూర్యాస్తమయమగుసరికి, ఇండ్లలో దీపములు వెలుగుచున్న ఆ సమయముననే, అది చేతులు ముడుచుకొనును. గాలిమరలు గాలిదయపై ఆధారపడినవి. జలవిద్యుత్కేంద్రమో, కొలది నిమిషములలో నిద్రలేచి పనిలో ప్రవేశించును. అవసరము తీరగానే విశ్రమించును. అందువలన సీలేరు నీటిని సాయంకాలపు రద్దీకొరకు దాచుకొనుట తెలివైన పని.

ఇట్లు ఎవరు ఏవేళ ఎంత పనిచేయవలెనో నిర్ణయించువారే లోడు డిస్పాచి కేంద్రములవారు. మన రాష్ట్రమునకు విజయవాడలోను, దక్షిణభారతమునకు బెంగుళూరులోను, దేశమునకంతకును ఢిల్లీలోను ఇట్టి కేంద్రములు కలవు. వారు ఒక దినమును పదునైదేసి నిమిషముల చొప్పున 96 భాగములుగా విభజింతురు. మరునాడు ఒక్కొక్క భాగములో ఎంత విద్యుత్తు కావలసివచ్చునో ముందుదినముననే అంచనా వేయుదురు. ఎండ ఎంత తీవ్రముగా నుండును, వానపడునా, సెలవుదినమా, పండుగయా, పొలములకు నీరు పెట్టు కాలమా అని యోచింతురు. దాని ననుసరించి ఏ కేంద్రము ఎంత ఇవ్వవలెనో పట్టిక తయారుచేయుదురు. తెల్లవారిన పిమ్మట వాస్తవము అంచనాకు ఎంతో కొంత భిన్నముగానే యుండును. అప్పుడు పట్టికను సరిదిద్దుచు నడుపుదురు. రాత్రి రెండుగంటలకును, పండుగనాడును, తుపాను వేళయందును ఆ గదులలో మెలకువగా నుండువారు కలరు.

దినమునకు లెక్క యున్నట్లే సంవత్సరమునకును లెక్క కలదు. వర్షకాలమున సీలేరు జలాశయములు నిండును. ఆ నీటిని అప్పుడే వాడివేసినచో మండువేసవిలో పంకాలు, శీతలయంత్రములు తిరుగునప్పుడు గాదె ఖాళీగా నుండును. మితిమీరి దాచినచో మరుసటి వానలకు జలాశయము నిండి పొంగి, నీరు పనిచేయకయే పొర్లిపోవును. ఇంతటితో సమస్య తీరలేదు. గోదావరి డెల్టా రైతులకు దాళ్వా పంట ముఖ్యము. జనవరి మొదలు మార్చి వరకు గోదావరిలో సహజముగా వచ్చు నీరు తగ్గిపోవును. అప్పుడు సీలేరు యంత్రములను త్రిప్పి వచ్చిన నీరు శబరి మీదుగా ధవళేశ్వరమును చేరి, ఆ వరిచేలకు ప్రాణాధారమగుచున్నది. విద్యుత్కేంద్రము నీటిని తినివేయదు. అది వచ్చు వేళను మాత్రము మార్చును. అయితే వేళయే పైరునకు ప్రాణము. విద్యుత్తు కోరువారికి సాయంకాలము కొలదిగంటలు ఎక్కువ నీరు విడుచుట మేలు. రైతునకు రేయింబవలు సమానముగా పారుట మేలు. వేసవికొరకు దాచుమని యొకరు, ఇప్పుడే విడుమని మరియొకరు కోరుదురు. ఇరువురి కోరికయు న్యాయమైనదే. పొల్లూరులో ఒక ద్వారము తెరచుట యనగా డెల్టాలో ఒక పొలమును, నగరములో ఒక ఆసుపత్రిని, వచ్చు మే మాసపు ఉక్కపోతను ఒకేసారి తలచి నిర్ణయించుట యని యర్థము.

పూర్వము ఒక్కొక్క పట్టణమునకు వేరువేరుగా చిన్న యంత్రములుండెడివి. యంత్రము చెడినచో పట్టణమంతయు చీకటియే. ఇప్పుడు కేంద్రములన్నియు గ్రిడ్డు అను పెద్దవలలో కట్టబడియున్నవి. ఒక కేంద్రము ఆగినచో తక్కినవి ఆదుకొనును. దూరమునకు విద్యుత్తును పంపునప్పుడు ట్రాన్సుఫార్మరుతో వోల్టేజిని ఎంతో హెచ్చింతురు. వోల్టేజి పదిరెట్లు పెంచినచో అదే శక్తిని పంపుటకు పదవవంతు ప్రవాహము చాలును. తీగ వేడెక్కి వ్యర్థమగు శక్తి నూరవవంతునకు తగ్గును. అందుకే సీలేరునుండి కొండలు దాటి పోవు తీగలు 220 కిలోవోల్టులవి. ఇంకను దూరములకు 400, 765 కిలోవోల్టుల తీగలు కలవు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు, షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల తీగ కలుపబడుటతో దక్షిణభారతపు గ్రిడ్డు తక్కిన దేశముతో ఏకమై, దేశమందలి యంత్రములన్నియు ఒకే తాళమునకు అడుగులు వేయ నారంభించినవి.

కలిసియుండుటలో బలముతోపాటు ప్రమాదమును కలదు. 2012 జులై 30వ తేదీన ఉత్తరభారతపు గ్రిడ్డు కూలినది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతముల గ్రిడ్లు మూడును ఒకేసారి కూలినవి. సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతము చీకటిలో మునిగినది. రైళ్లు దారిలోనే నిలిచిపోయినవి. మోయదగిన దానికంటె ఎక్కువ బరువు మోయుచున్న తీగ ఒకటి విడిపోగా, దాని బరువు ప్రక్కతీగలపై పడి, అవియు ఒకదానివెంట ఒకటి విడిపోయెను. కావడి మోయువారిలో ఒకడు తప్పుకొనిన బరువంతయు రెండవవాని భుజముపై పడినట్లే యిది. అందుచేత ఇంజనీర్లు ఒక సూత్రమును పాటింతురు: వ్యవస్థలో ఏ యొక్క తీగగాని, ఏ యొక్క యంత్రముగాని ఆకస్మికముగా తప్పుకొనినను, మిగిలినవి ఆ భారమును మోయగలిగియుండవలెను. ఎప్పుడో రాబోవు ఆపదకై నేడే అదనపు తీగ వేయుట వ్యర్థవ్యయమువలె తోచవచ్చును. ఆపద వచ్చిననాడు దాని విలువ తెలియును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్‌స్తంభములును, పెద్ద టవర్లును కూలి, నగరము దినములకొలది చీకటిలో మ్రగ్గినది.

గ్రిడ్డు పూర్తిగా కూలిన పిమ్మట దానిని మేల్కొలుపుట మరియొక కష్టము. బొగ్గుకేంద్రము పనిచేయుటకు ముందుగా దాని పంపులు, పంకాలు తిరుగవలెను; వానికే బయటినుండి విద్యుత్తు కావలెను. జలవిద్యుత్కేంద్రమునకు అంత అక్కర లేదు. చిన్న డీజిలుయంత్రపు సాయముతో ద్వారము తెరచినచో కొండమీది నీరే దానిని త్రిప్పును. అది తాను లేచి, తీగవెంట శక్తిని పంపి, పెద్దకేంద్రములను లేపును. అడవినడుమ నున్న జలవిద్యుత్కేంద్రము నగరములను నిద్రలేపగలిగినది!

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. పొల్లూరులో పుట్టిన విద్యుత్తు పొల్లూరువారి కుండలోనిది కాదు. అది గ్రిడ్డను ఉమ్మడి చెరువులో కలిసిపోవును. దాని ప్రక్కనున్న గూడెమునకు 220 కిలోవోల్టుల తీగనుండి నేరుగా దీపము వెలిగింప రాదు. ఆ వోల్టేజిని ఉపకేంద్రములలో అంచెలంచెలుగా 33 కిలోవోల్టులకును, 11 కిలోవోల్టులకును తగ్గించి, తుదకు ఊరిలోని ట్రాన్సుఫార్మరువద్ద 230 వోల్టులకు దింపి ఇండ్లకు ఇవ్వవలెను. పెద్దతీగలు ఎత్తైన ఉక్కుటవర్లపై, చెట్లు నరికి వెడల్పుచేసిన దారిలో పోవును. చిన్నతీగలు చిన్నస్తంభములపై అడవిచెట్ల నడుమ మైళ్లకొలది సాగి, కొలదియిండ్లు గల గూడెమును చేరును. గాలివానకు ఒక కొమ్మ విరిగి తీగపై పడినచో రక్షణసాధనము ఆ తీగను విడదీయును. విడదీయకున్నచో ప్రాణాపాయము కలుగును. నగరమునకు రెండుమూడు దారులు గలవు కావున ఒకటి పోయినను మరియొకటి ఆదుకొనును. గూడెమునకు ఒకటే దారి. ఆ కొమ్మ ఎచ్చట పడినదో వెదకుచు లైనుమనిషి వానలో, వాగులు దాటి, కాలినడకన పోవలెను. శబరి పొంగి త్రోవలు మునిగినప్పుడు అదియు సాధ్యము కాదు. పైగా నీటమునిగిన చోట తీగలలో ప్రవాహమును ఆపివేయుటయే క్షేమము.

కావున గూడెములోని చీకటికి కారణము విద్యుత్తు కొరతయే కానక్కరలేదు. దారి కొరత కావచ్చును. ఉత్పత్తి యొక సమస్య, పంపిణీ మరియొక సమస్య. పూర్వము ఒక గ్రామములో నూటికి పది యిండ్లకును, పాఠశాల మొదలగు ప్రభుత్వస్థలములకును కరెంటు వచ్చినచో ఆ గ్రామమును విద్యుదీకరించినట్లు లెక్కవేసెడివారు. ఆ లెక్కలో తొంబదియిండ్లు చీకటిలోనున్నను గ్రామము వెలిగినట్లే! 2017లో ఆరంభమైన సౌభాగ్య పథకము గ్రామమును గాక ఇంటిని లెక్కించునట్లు ఏర్పరచుట ఈ లోపమును సరిదిద్దుటకే. తీగ పోజాలని కొండగూడెములకు సౌరఫలకములును, బ్యాటరీయు ఇచ్చుటకును అందు వీలు కల్పింపబడినది. దేనిని కొలుతుమో దానినే బాగుచేయుదుము. కొలబద్దయే తప్పైనచో పని యెంత చేసినను ఫలము కొరవడును.

ఇక ముందుచూపును గూర్చి. విద్యుత్కేంద్రమును కోరిననాడే కట్టుటకు వీలులేదు. అడవి అనుమతులు, కొలతలు, నిర్మాణము అన్నియు కలిసి అనేక సంవత్సరములు పట్టును. నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న మీరు ఉద్యోగములలో చేరునాటికి ఎంత విద్యుత్తు కావలసియుండునో నేడే ఊహింపవలెను. తక్కువగా ఊహించినచో కోతలు తప్పవు. ఎక్కువగా ఊహించినచో పనిలేక నిలిచిన యంత్రముల అప్పును ప్రజలే తమ బిల్లులలో తీర్పవలెను. అందుకే దేశమున కేంద్ర విద్యుత్ప్రాధికార సంస్థ కాలానుగుణముగా భవిష్యత్తు అవసరములను లెక్కగట్టి ప్రణాళికలు రచించుచున్నది.

మన సీలేరునందే ఇట్టి ముందుచూపునకు రెండు నిదర్శనములు కలవు. దిగువ సీలేరులో 115 మెగావాట్ల యంత్రములను మరి రెంటిని చేర్చు కార్యము ఇటీవలి సంవత్సరములలో చేపట్టబడినది. దీనివలన నదిలో నీరు పెరుగదు. పొయ్యిలు మాత్రమే పెరుగును. అదే నీటిని సాయంకాలపు రద్దీలో వేగముగా వాడుకొనవచ్చును. రెండవది ఎగువ సీలేరువద్ద సంకల్పింపబడిన 1350 మెగావాట్ల పంపుడు నిలువ పథకము. మధ్యాహ్నము సౌరశక్తి మిక్కుటముగా నున్నప్పుడు ఆ శక్తితో దిగువ జలాశయపు నీటిని ఎగువ జలాశయమునకు ఎక్కించి, రాత్రి మరల దింపి విద్యుత్తును పొందుట దీని భావము. నాలుగు యూనిట్లు ఖర్చుచేసిన సుమారు మూడు తిరిగివచ్చును. ఒక యూనిట్టు పోయినట్లే గాని, అక్కరలేనివేళనుండి అక్కరయైనవేళకు శక్తి తరలివచ్చును. తీగలలో నిలువని విద్యుత్తును కొండమీది నీటిరూపమున నిలుపుట యిది. నాగార్జునసాగరములోను, శ్రీశైలము ఎడమగట్టునను ఇట్లు వెనుకకు త్రిప్పదగిన యంత్రములు పూర్వమే కలవు.

అయితే ప్రతి జలాశయమునకును ఒక వెల కలదు. ఆ వెలను దీపపుకాంతి అనుభవించువారే చెల్లించుట లేదు. బలిమెల జలాశయము నిండినప్పుడు చిత్రకొండ ప్రాంతమున అనేక గిరిజనగ్రామములు నీటిచేత చుట్టబడి బయటిలోకమునకు దూరమైనవి. రోగిని ఆసుపత్రికి చేర్పవలెనన్నను పడవయే దిక్కు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులైలో ప్రారంభమగువరకు దశాబ్దములకొలది వారట్లే బ్రతికిరి. ఇప్పుడు పోలవరమువద్ద పండ్రెండు యంత్రములతో 960 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము నిర్మింప తలపెట్టబడినది. ఆ జలాశయపు ముంపు ప్రాంతమున చింతూరు మండలములోని గ్రామములును కలవు. కోయలు, కొండరెడ్లు తరతరములుగా సాగుచేసిన నేలలవి. విద్యుత్తు వలదని దీనివలన తేలదు. డెల్టాకు నీరును, నగరములకు వెలుగును వలయునన్నది నిజమే. కాని లెక్కలోని ఒక ప్రక్క మెగావాట్లు వ్రాసి, రెండవప్రక్క మునిగిన పొలములను, కదలిన గూడెములను వ్రాయకున్నచో ఆ లెక్క సరియైనది కానేరదు. యూనిట్టుకు ఎన్ని లీటర్లో తెలిసికొన్నట్లే, యూనిట్టుకు ఎవరి యిల్లో కూడ తెలిసికొనవలెను.

విద్యార్థులారా! విద్యుద్వ్యవస్థను నడపుట యనగా ప్రతిక్షణమును ఇచ్చిపుచ్చుకొనుటలను సరితూచుట. దానిని ముందుచూపుతో పెంచుట యనగా రాబోవు ముప్పదియేండ్ల ఇచ్చిపుచ్చుకొనుటలను నేడే సరితూచుట. తిరగలి వేగము తగ్గినప్పుడు చేయి తోడుచేయవలెనని యంత్రమునకు గవర్నరు నేర్పినది. గూడెము వాటా తగ్గినప్పుడు చేయి తోడుచేయవలెనని మనుష్యులకు నేర్పు సాధనమేదియు లేదు. దానిని మనమే నేర్చుకొనవలెను. ఎంత శక్తి పుట్టినదని అడుగుటతోపాటు అది యెవరి గడపవరకు చేరినది, ఎవరి గడప దానికై కదలినదని అడుగు ఇంజనీర్లు ఈ కొండగూడెములనుండియే రావలసియున్నారు. అట్టివారు పట్టికలు వ్రాసిననాడు సీలేరు నీరు డెల్టాపొలమును తడుపును, నగరమును వెలిగించును. చింతూరు కొండలలోని చిట్టచివరి యింటి దీపమును కూడ నిలుపును.